బోస్టన్‌ను నెల రోజులు కదలనివ్వని 2015 చలికాలం

అమెరికా ఈశాన్య తీరంలోని బోస్టన్‌లో 2014-15 చలికాలం మొత్తానికి 110.6 అంగుళాల మంచు పడింది. రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లన్నమాట. అక్కడ మంచు లెక్కలు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఉన్నాయి, వాటన్నిటిలో ఇదే పెద్దది. దీనికి ముందు రికార్డు 1995-96 చలికాలానిది, 107.6 అంగుళాలు. అంటే పాత రికార్డు పోయింది మూడే మూడు అంగుళాల తేడాతో. ఏటా నలభై పైచిలుకు అంగుళాలు చూసే ఊరికి మూడు అంగుళాలు ఒక లెక్కలోది కాదు, తెల్లారేసరికి ఊడ్చి పక్కన పెట్టేస్తారు.

కాబట్టి ఆ చలికాలంలో రైళ్ళు ఎందుకు ఆగిపోయాయి, ఇళ్ళలోకి నీళ్ళు ఎందుకు కారాయి, ఊళ్ళో పోసిన మంచు కుప్ప జులై దాకా ఎందుకు కరగలేదు అన్నది ఈ అంకెతో తేలదు. తేల్చే అంకె వేరే ఉంది. జనవరి 24 నుంచి ఫిబ్రవరి 22 వరకు, 30 రోజుల్లో 94 అంగుళాలకు పైగా పడింది. అంతకుముందు ఏ 30 రోజుల్లో చూసినా అత్యధికం 1978లోది, అదీ 59 అంగుళాల లోపే. సీజన్ రికార్డు మూడు అంగుళాలతో పోతే, 30 రోజుల రికార్డు దాదాపు ముప్ఫై అయిదు అంగుళాలతో పోయింది. ఒక రికార్డు ఇంత తేడాతో పోవడం వాతావరణ లెక్కల్లో చాలా అరుదు. ఆ ఊరు పడిన అవస్థంతా ఈ రెండో అంకెలోనే ఉంది.

విచిత్రం ఏమిటంటే జనవరి మూడో వారం దాకా ఆ ఏడు చలికాలం వచ్చిందా అన్నట్టే ఉంది. బోస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు సంక్రాంతి చేసుకునే నాటికి సీజన్ మొత్తం కలిపినా అరడజను అంగుళాలు లేదు. జనవరి 26 రాత్రి మొదలైన తుఫాను రెండు రోజుల్లో 24.6 అంగుళాలు కురిపించింది. బోస్టన్‌కి అరవై కిలోమీటర్లు లోపలికి ఉన్న వూస్టర్‌లో అయితే 34.5. ఫిబ్రవరి 1న అక్కడి పేట్రియట్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది, ఊరంతా సంబరం, మర్నాడే మళ్ళీ సుమారు 16 అంగుళాలు. మంగళవారం జరగాల్సిన విజయోత్సవ ఊరేగింపును బుధవారానికి మార్చాల్సి వచ్చింది. ఫిబ్రవరి 7న మొదలై 10 తెల్లవారుజాము దాకా ఆగకుండా సన్నగా కురుస్తూ ఇంకో 23.8. ప్రేమికుల దినం నాడు మొదలై ఇంకో 16. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనకో మాట ఉంది కదా, ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 17న వచ్చింది, ఆ రోజుకి బోస్టన్‌లో చలి పోవడం మాట అటుంచి నాలుగో తుఫాను తెచ్చిన మంచుని ఎక్కడ పొయ్యాలో తెలీక జనం తల పట్టుకుని ఉన్నారు. ఒక్క ఫిబ్రవరిలోనే 64.8 అంగుళాలు. అంతకుముందు ఆ ఊళ్ళో ఏ నెలలోనైనా పడిన అత్యధికం 2005 జనవరిలో, 43.3.

ఇలా వరసపెట్టి రావడానికి కారణం ఆకాశంలో గాలుల అమరిక. పైన ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ ఆ నెలంతా ఒకే వంపులో ఇరుక్కుపోయింది. కాలిఫోర్నియా వైపు ఉత్తరానికి ఎగబాకి, అక్కణ్ణుంచి కెనడా మీదుగా ధ్రువప్రాంతపు చలిని ఈశాన్య రాష్ట్రాల నెత్తి మీదికి దించింది. అందుకే అదే నెలలో అమెరికా పడమర వేడితో, కరువుతో అల్లాడుతుంటే తూర్పున బఫలో, సిరక్యూస్ లాంటి ఊళ్ళు తమ రికార్డుల్లోనే అతి చల్లని నెలను చూశాయి. బోస్టన్‌లో ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకి ఏడు డిగ్రీలు కింద, అక్కడి ఫిబ్రవరుల్లో 1934 తర్వాత అదే చల్లనిది. వంపు కదలకపోతే తుఫానుల దారీ మారదు. కెనడా వైపు నుంచి చిన్న అల్పపీడనంగా బయల్దేరింది అట్లాంటిక్ తీరానికి రాగానే బలం పుంజుకుని, సముద్రం మీంచి తేమని ఊరి మీదికి తోసేది. ఈశాన్యం నుంచి గాలి కొడుతుంది కాబట్టి వీటిని నార్‌ఈస్టర్లు అంటారు.

ఇక్కడ సముద్రం పాత్ర మర్చిపోకూడదు. ఆ చలికాలం బోస్టన్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు తీరానికి ఆగ్నేయంగా ఉన్న నీళ్ళు మామూలు కంటే వేడిగా ఉన్నాయి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. వేడి నీళ్ళ మీంచి లేచిన ఆవిరి గడ్డకట్టే చలి గాలిని కలిసిందంటే మంచు పెరగడమే తప్ప తగ్గదు. "ఇంత మంచు పడుతుంటే భూమి వేడెక్కడం ఏమిటి" అని ఆ రోజుల్లో చాలామంది అడిగారు. 2015 అప్పటి వరకు ప్రపంచం మొత్తమ్మీద నమోదైన అతి వేడి సంవత్సరం. రెండూ ఒకే ఏడాదివి, రెండూ నిజమే. చలికాలం మొత్తంగా వేడెక్కుతున్నా, సున్నా కిందే ఉండే కొద్ది వారాల్లో మంచు పోటెత్తడానికి కావలసిన తేమ ముందుకంటే ఎక్కువే దొరుకుతుంది.

ఇక అసలు సంగతి, ఆ మంచు రకం. సున్నాకి దగ్గర్లో పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఒక అంగుళం వాన నీళ్ళు పది అంగుళాల మంచు అవుతాయని మామూలు లెక్క. కానీ బాగా చలిలో పడేది పొడి బియ్యప్పిండిలా ఉంటుంది, అదే నీటికి పదిహేను, ఇరవై అంగుళాల ఎత్తు లేస్తుంది. పారతో ఎత్తితే తేలిక, ముద్ద కట్టదు, గాలి వస్తే ఊడ్చిన చోటికే తిరిగొస్తుంది. ఫిబ్రవరిలో పడిందంతా చాలావరకు ఇదే. పైగా తుఫానుకీ తుఫానుకీ మధ్య కరగలేదు. 1996లో జనవరి మొదటి వారం పెద్ద తుఫాను వచ్చాక పది రోజుల్లో వెచ్చబడి వాన కురిసి, తూర్పు తీరంలో చాలా చోట్ల ఆ మంచంతా నీళ్ళై వరదలు తెచ్చింది. వరద నష్టమే, కాదనలేం, కానీ మంచు మాత్రం ఖాళీ అయింది, తర్వాత వచ్చేదానికి చోటు దొరికింది. 2015లో ఆ వ్యవధి రాలేదు. ఫిబ్రవరి రెండో వారానికి బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో నేల మీద నిలిచి ఉన్న మంచు 37 అంగుళాలు, అదీ రికార్డే. సీజన్ మొత్తం కురిసింది 110, ఎక్కువలో ఎక్కువ నిలిచింది 37 ఏమిటని అనుమానం రావచ్చు. కురిసినదాన్ని కొన్ని గంటలకోసారి ఒక పలక మీద కొలిచి పలకని శుభ్రం చేస్తారు. నేల మీద ఉన్నది మాత్రం తన బరువుకి తనే అణిగిపోతూ ఉంటుంది. అందుకే రెండు లెక్కలు.

తుఫానుని ఎదుర్కోవడం బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రానికి రాదని కాదు. 1978 ఫిబ్రవరి 6, 7 తేదీల్లో 27.1 అంగుళాలు పడినప్పుడు జనం ఎప్పట్లాగే ఉద్యోగాలకి వెళ్ళారు, మధ్యాహ్నం అందరూ ఒక్కసారి ఇళ్ళకి బయల్దేరారు, రూట్ 128 హైవే మీద మూడు వేలకు పైగా కార్లు ఎక్కడివక్కడ కూరుకుపోయాయి. వెచ్చదనం కోసం ఇంజను ఆన్‌లో ఉంచుకుని, పొగ గొట్టం మంచుతో మూసుకుపోయి కార్లలోనే ప్రాణాలు వదిలినవాళ్ళున్నారు. ఆ తుఫానుకి ఈశాన్య రాష్ట్రాల్లో వందమంది దాకా చనిపోయారు. మసాచుసెట్స్ ఆ పాఠాన్ని గట్టిగా పట్టుకుంది. 2015 జనవరి 26న గవర్నర్ చార్లీ బేకర్, పదవిలోకి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, అర్ధరాత్రి నుంచి రోడ్ల మీద బండ్లు తిరగకూడదని ముందే ఉత్తర్వు ఇచ్చేశారు. వాతావరణ శాఖ అంచనా బోస్టన్ వరకు బాగానే కుదిరింది. రోడ్లు ఖాళీగా ఉన్నాయి, మంచు నెట్టే ప్లౌ బండ్లు తిరిగాయి, రెండ్రోజుల్లో ఊరు లేచింది. ఒక్క తుఫాను అయితే అది విజయగాథే అయ్యేది. వ్యవస్థలన్నీ ఒక్కో తుఫాను లెక్కన తయారై ఉన్నాయి. వారానికొకటి చొప్పున నాలుగు వస్తే, మొదటిది తీయకముందే రెండోది పడితే ఏం చెయ్యాలన్న లెక్క ఎవరి దగ్గరా లేదు.

ముందు చేతులెత్తేసింది రైళ్ళు. అక్కడి ప్రజారవాణా సంస్థ ఎంబీటీఏ నడిపే సబ్‌వేలో రెడ్ లైన్, ఆరెంజ్ లైన్ పట్టాల పక్కన థర్డ్ రైల్ అని కరెంటు పట్టా ఉంటుంది. రైలుకి ఉన్న ఇనుప పలక దానికి తగులుతూ పోతే కరెంటు అందుతుంది. దాని మీద మంచు పేరుకుని గడ్డకడితే తగలదు, రైలు ఆగుతుంది. సొరంగాల్లో ఈ గొడవ లేదు, కానీ రెడ్ లైన్‌లో క్విన్సీ, బ్రెయిన్‌ట్రీ వైపు చాలా దూరం ఆరుబయటే. దీనికి తోడు పెట్టెల వయసు. అప్పుడు తిరుగుతున్న రెడ్ లైన్ పెట్టెల్లో కొన్ని 1969లో వచ్చినవి, ఆరెంజ్ లైన్‌వి 1980 ప్రాంతంవి. పాతకాలపు డీసీ మోటార్లు చల్లబడటానికి బయటి గాలిని లోపలికి లాక్కుంటాయి. తడి మంచైతే కింద పడేది, పొడి మంచు గాలితో పాటు లోపలికి పోయి అక్కడ కరిగి మోటార్లని షార్ట్ చేసింది. ఒకటి బాగుచేసేలోపు మూడు షెడ్డుకి వచ్చేవి. ఫిబ్రవరి 9న ఒక రెడ్ లైన్ రైలు క్విన్సీ దగ్గర ఆగిపోయి ప్రయాణికులు గంటల తరబడి లోపలే ఉండిపోయారు. ఆ సాయంత్రం 7 గంటలకి రైళ్ళన్నీ ఆపేశారు, మర్నాడు రోజంతా ఒక్క రైలూ తిరగలేదు. ఫిబ్రవరి 11న సంస్థ జనరల్ మేనేజర్ బెవర్లీ స్కాట్ రాజీనామా ప్రకటించారు. మామూలు సర్వీసు పూర్తిగా రావడానికి మార్చి పట్టింది.

దీన్ని ఒక మనిషి వైఫల్యంగా చూపించడం అన్యాయం. ఎంబీటీఏ నెత్తిన అప్పటికే 500 కోట్ల డాలర్లకు పైగా అప్పు ఉంది. కొత్త పెట్టెలకి, పట్టాలకి, సిగ్నళ్ళకి పోవాల్సిన డబ్బు ఏళ్ళ తరబడి వడ్డీలకి పోయింది. ఎవరు గవర్నర్‌గా ఉన్నా, ఏ పార్టీ ఉన్నా కొత్త లైన్లకి రిబ్బన్ కత్తిరించడానికి ఉన్న ఉత్సాహం పాత మోటారు మార్చడానికి లేదు. మంచు ఆ లోటుని కొత్తగా పుట్టించలేదు, పదేళ్ళలో బయటపడాల్సింది పది రోజుల్లో బయటపెట్టింది.

రోడ్ల మీద సమస్య ఇంకో రకం. ప్లౌ బండి మంచుని మాయం చేయదు, పక్కకి నెడుతుంది, అంతే. మొదటి తుఫానుకి పక్కన చోటు ఉంది. మూడోదానికి అక్కడ మనిషెత్తు గట్టు ఉంది. రెండు లేన్ల వీధి ఒక లేన్ అయింది, అంబులెన్స్ దూరాలంటే కష్టం, మలుపు దగ్గర అటు నుంచి వచ్చే కారు కనబడదు, పిల్లలు నడిచే దారి గట్టు కింద ఉండిపోయి అందరూ రోడ్డు మీదే నడిచారు. మంటలార్పడానికి నీళ్ళిచ్చే ఫైర్ హైడ్రంట్లు ఎక్కడున్నాయో పాతవాళ్ళకే తెలుసు. ఇంటి ముందు రెండు గంటలు కష్టపడి డ్రైవ్‌వే తవ్వుకుని లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకునేలోపు, మళ్ళీ ప్లౌ వచ్చి సరిగ్గా డ్రైవ్‌వే మొదట్లో నడుమెత్తు గట్టు పోసి పోతుంది, అదీ పొడి మంచు కాదు, నలిగి రాయిలా బిగిసినది. బోస్టన్‌లో కష్టపడి కారు తవ్వుకున్నవాళ్ళు ఆ ఖాళీలో పాత కుర్చీయో, ట్రాఫిక్ కోనో పెట్టి చోటు ఆపుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. భారీ మంచుకి నగరం ప్రకటించే స్నో ఎమర్జెన్సీ ముగిసిన 48 గంటల వరకే అని నగరపాలక సంస్థ నియమం, ఆ ఏడు ఎమర్జెన్సీలే ఒకదాన్నొకటి తరుముకొచ్చాయి కాబట్టి కుర్చీలు వారాల తరబడి వీధుల్లోనే ఉన్నాయి, వాటి మీద పోట్లాటలు కూడా.

చివరికి మంచుని లారీలకెత్తి ఖాళీ స్థలాల్లో కుప్ప పోయడం మొదలుపెట్టారు. స్నో ఫారం అంటారు వాటిని. గంటకి వందల టన్నులు కరిగించే పెద్ద యంత్రాలు కూడా తెచ్చారు. హార్బర్‌లో పారబోస్తే పోతుంది కదా అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ రోడ్డు మంచంటే అందులో ఉప్పు, నూనె, టైర్ల ముక్కలు, చెత్త అన్నీ ఉంటాయి, కాబట్టి అది ఆఖరి దారిగానే ఉంచారు. సీపోర్ట్ ప్రాంతంలో పోసిన కుప్ప 75 అడుగుల ఎత్తు లేచింది. పైన చెత్త పొర కప్పేసి ఎండని లోపలికి పోనివ్వక అది జులై 14న గానీ పూర్తిగా కరగలేదు.

ఇళ్ళ మీద జరిగింది మెల్లగా జరిగింది, అందుకే చాలామంది ఆలస్యంగా గుర్తించారు. అటక దగ్గర ఇన్సులేషన్ సరిగ్గా లేకపోతే ఇంట్లో వేడి పైకప్పుకి తగిలి మంచు అడుగు పొర కరుగుతుంది. ఆ నీళ్ళు జారి చూరు దాకా వస్తాయి, చూరు కింద ఇల్లు లేదు కాబట్టి అక్కడ చలి, మళ్ళీ గడ్డకడతాయి. రోజురోజుకి ఆ గడ్డ పెరిగి చూరు పొడవునా కట్టలా నిలుస్తుంది, దీన్ని ఐస్ డ్యామ్ అంటారు. వెనక నిలిచిన నీళ్ళు పోయే దారి లేక పెంకుల కిందికి, అక్కణ్ణుంచి గోడల్లోకి, పడగ్గది సీలింగ్‌లోకి దిగుతాయి. ఆడవాళ్ళ పాత మేజోళ్ళలో మంచు కరిగించే ఉప్పు, కాల్షియం క్లోరైడ్, నింపి చూరు మీద నిలువుగా పడేసి, గడ్డలో సన్నటి కాలువ చేసుకోవడం అక్కడ తెలిసిన చిట్కా, ఆ ఫిబ్రవరిలో ఎన్నో చూర్లకి అవి వేలాడాయి. చదునైన కప్పులున్న గోదాములు, దుకాణాలకి బరువే ప్రమాదం. రాష్ట్రంలో వందకు పైగా కప్పులు కూలాయి లేదా కూలే స్థితికి వచ్చాయి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పొగ బయటికి పోయే గొట్టం చాలా ఇళ్ళకి గోడ కింది భాగంలో ఉంటుంది. దాని ముందు మంచు పేరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరుగుతుంది, వాసన ఉండదు, తెలీదు. షవెల్ పట్టుకుని బయటికి వెళ్ళినవాళ్ళు కారు కంటే ముందు ఆ గొట్టం చుట్టూ తవ్వాలని అధికారులు పదే పదే చెప్పింది అందుకే.

ఈ భారం అందరి మీదా ఒకేలా పడలేదు. ల్యాప్‌టాప్ మీద పని ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని చేసుకున్నారు. గంటల లెక్కన జీతం వచ్చేవాళ్ళకి, హోటళ్ళలో, ఆసుపత్రి శుభ్రతలో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి రైలు ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. బడి లేకపోతే పిల్లల్ని చూసుకోవడానికి ఒకరు ఇంట్లో ఉండాలి. చట్టప్రకారం 180 బడి రోజులు పూర్తి చెయ్యాలి కాబట్టి పోయిన రోజులన్నీ జూన్‌లోకి జరిగాయి. జనవరి సెమిస్టర్‌కి మన దగ్గర్నుంచి వెళ్ళే విద్యార్థులు ఏటా ఉంటారు, బోస్టన్ వర్సిటీల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో కొన్న జాకెట్టుతో, మామూలు స్పోర్ట్స్ షూతో దిగినవాళ్ళకి మొదటి నెలే చరిత్రలో లేని నెల అయింది. బస్సు కోసం గంట నిలబడాలంటే జాకెట్టు కంటే ముందు కావలసింది వాటర్‌ప్రూఫ్ బూట్లు. కాలి వేళ్ళు తడిశాక ఎన్ని స్వెట్టర్లు వేసినా వెచ్చబడదు. అక్కడికి వెళ్ళేవాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా చెప్పని విషయం ఇది.

మార్చి 15న సీజన్ రికార్డు పోయింది, ఆ వారమే 21న మన్మథ నామ సంవత్సర ఉగాది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఎంబీటీఏ మీద ప్రత్యేక కమిటీ నివేదిక వచ్చింది, జులైలో ఆ సంస్థని గాడిలో పెట్టడానికి నియంత్రణ బోర్డు వేస్తూ చట్టం చేశారు. థర్డ్ రైల్ మార్చడానికి, దానికి హీటర్లు పెట్టడానికి సుమారు 8 కోట్ల డాలర్ల పని చేపట్టారు. ఇదంతా మంచిదే. కానీ ఆరెంజ్ లైన్ పాత పెట్టెలు 2022 దాకా తిరుగుతూనే ఉన్నాయి, అదే ఏడు ఆగస్టులో మరమ్మతుల కోసం ఆ లైన్ మొత్తాన్నే 30 రోజులు మూసేశారు. ఒక చలికాలపు కోపంతో వచ్చిన డబ్బు యాభై ఏళ్ళ నిర్లక్ష్యానికి సరిపోలేదు.

ఇప్పుడు వ్యతిరేక దిశలో ఇంకో ప్రమాదం ఉంది. 2022-23లో బోస్టన్‌లో 12.4 అంగుళాలే పడ్డాయి, 2023-24లో 9.8. ఇలాంటి చలికాలాలు వరసగా వచ్చినప్పుడు మంచు బడ్జెట్ కొయ్యాలని, యంత్రాలు అమ్మెయ్యాలని, కాంట్రాక్టులు తగ్గించాలని ఏ నగరానికైనా అనిపిస్తుంది. సగటు చూస్తే అది సబబుగానే కనిపిస్తుంది. అయితే 2015లో కూడా జనవరి 23 నాటి లెక్క చూస్తే సగటు కంటే చాలా తక్కువే, నెల తిరిగేసరికి నిల్వ ఉంచిన ఉప్పు, మనుషుల ఓపిక, బడ్జెట్ మూడూ అయిపోయాయి. ఆ ఏడు నగరం మంచు తీయడానికి పెట్టుకున్నది 1.85 కోట్ల డాలర్లు, చివరికి అయిన ఖర్చు దానికి రెట్టింపుకు దగ్గర. అందుకే చలికాలానికి సిద్ధమయ్యేవాళ్ళు సీజన్ మొత్తం ఎంతన్న ఒక్క అంకె పట్టుకుని కూర్చోకూడదు. 30 రోజుల్లో ఎంత పడగలదు, మధ్యలో ఒక్కరోజు కూడా కరగకపోతే దాన్ని ఎక్కడికి తరలిస్తాం, ఎన్ని లారీలు, ఏ స్థలాలు, ఎన్ని రైలు పెట్టెలు స్పేర్‌లో ఉన్నాయి అన్న లెక్కని రికార్డుల పట్టికలో 110.6 పక్కనే రాసి పెట్టుకోవాలి.